యాకూబ్ మామ వేసిన బేరింగ్

నిన్న పొద్దున యాకూబ్ మామ కొడుకు సలీం ఫోన్ చేశాడు.

బండి గురించే అనుకుని, "సర్వీసింగ్‌కి ఆదివారం తెస్తానని మామకు చెప్పు" అన్నాను ముందే.

"ఎవరికి చెప్పాలె అన్నా? అబ్బ పోయిండు."

ఏం మాట్లాడానో గుర్తులేదు. ఫోన్ పెట్టేశాక కూడా నమ్మలేదు. మొన్ననే కదా షెడ్డు ముందు నిలబడి చెయ్యి ఊపాడు!

మీలో చాలామందికి తెలుసు. హసన్‌పర్తి రోడ్డు మీద రేకుల షెడ్డు, మెకానిక్ యాకూబ్ మామ. మన ఫ్రెండ్స్‌లో సగం మంది బండ్లు ఆయన చేతుల్లో పడ్డవే.

ఒక సంగతి ఈరోజైనా చెప్పాలి.

జీపు కొన్న కొత్తలో నాకు స్టైల్ పిచ్చి. పెద్ద టైర్లు, బాడీ దాటి బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేయించాను. లుక్ సూపర్.

మామ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సోకు మంచిగనే ఉంది గని అల్లుడా, కంపెనీల ఇంజనీర్లు పిచ్చోళ్లా?"

నేను నవ్వేసి, పాత చక్రాలు నాలుగూ స్క్రాప్‌కి వేసెయ్యమని అక్కడే వదిలేసి వచ్చాను.

కొన్ని నెలలకే ముందు చక్రంలో గుయ్‌మని మోత. పాటల సౌండ్ పెంచి నడిపాను. చివరికి బేరింగ్ పోయింది. మామ కొత్తది వేసి, ఆ టైర్లు తీసెయ్యమన్నాడు. వింటానా?

మళ్లీ అదే మోత. అదే చక్రం.

నాకు కోపం నషాళానికి అంటింది. నలుగురు కస్టమర్ల ముందు, "డూప్లికేట్ బేరింగ్ ఏశినవ్ మామా" అనేశాను.

ఎవరిని అన్నాను? ఏ కొత్త పార్ట్ అయినా డబ్బా సీల్ కస్టమర్ చేతనే విప్పించే మనిషిని. ఆ బేరింగ్ సీల్ విప్పింది కూడా నేనే.

మామ అరవలేదు. బకెట్ నిండా నీళ్లు పట్టి నా చేతికిచ్చాడు. ఒంటికి దగ్గరగా పట్టుకొమ్మన్నాడు. పట్టుకున్నాను.

"ఇప్పుడు చెయ్యి పక్కకు చాపు."

నిమిషం కాలేదు, చెయ్యి గజగజ వణికింది. ఆయనేమో తీరిగ్గా చాయ్ తాగుతున్నాడు.

"గదే బకెట్, గవే నీళ్లు. ఏడ నొస్తాంది?"

"భుజం మామా."

"చక్రం బయటికి జరిగితే బండికి గంతే. బేరింగే దాని భుజం. పెద్ద టైర్లేసి నువ్వు బకెట్ గూడ పెద్దది ఇస్తివి!"

లోపలికి వెళ్లి ఒక్కో చక్రం దొర్లించుకుంటూ తెచ్చాడు. నా పాతవే. ఒక్కోదాని మీద చాక్‌పీస్‌తో నా పేరు.

"సోకు తీరినంక వస్తవని తెల్సు."

కొత్త బేరింగ్ డబ్బా నా చేతికే ఇచ్చాడు. వణుకుతున్న చేత్తో సీల్ విప్పలేకపోయాను. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. ఆ నవ్వుల్లో నేను అనాల్సిన మాట ఉండిపోయింది.

ఆ తర్వాత ఎన్ని సర్వీసింగులకు వెళ్లానో. ప్రతిసారీ అందామనుకున్నాను. సిగ్గేసింది.

నిన్న ఖబరస్తాన్‌కి అదే జీపులో వెళ్లాను. పాటలు పెట్టలేదు. దారంతా విన్నాను. ముందు చక్రం నుంచి చిన్న మోత కూడా లేదు. ఆరోజు మామ వేసిన బేరింగే ఇప్పటికీ.

పిడికెడు మట్టి వేశాను. అక్కడా ఆ మాట అనలేకపోయాను.

మామా, అది డూప్లికేట్ కాదు. సీల్ నేనే విప్పాను. తప్పు నాదే. సారీ.

ఇక రెస్ట్ తీసుకో. అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.