ఈ పొద్దు బండి ఎంతిచ్చింది?

మా ఆయన రాయలసీమ మనిషి. మాది గోదావరి జిల్లా. పెళ్ళయి ఇన్నేళ్ళయినా వాన విషయంలో మాత్రం మా ఇద్దరికీ పొత్తు కుదరలేదు. ఆయనకు వాన ఎప్పుడో వచ్చిపోయే చుట్టం, నాకు ఇంటిమనిషి. కారుకు టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు ఈ సంగతి బయటపడింది.

కారు నడిపేది నేను. చందానగర్ నుంచి హైటెక్ సిటీలో ఆఫీసుకు, మళ్ళీ ఇంటికి. ఆయన ఉద్యోగం ఇంట్లోనే, ల్యాప్‌టాప్ ముందు. నడపకపోయినా పెట్రోలు లెక్కలన్నీ ఆయనవే. నేను చెప్పులు విడవకముందే, "ఈ పొద్దు బండి ఎంతిచ్చింది?" అంటారు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లని. కాఫీ తాగుతావా అని అడిగితే ఎంత పుణ్యం!

కిందటి వానాకాలం ఫ్లైఓవర్ దిగుతూ బ్రేకు నొక్కాను. అరిగిన టైర్లు, అప్పుడే తడిసిన రోడ్డు. కారు నా మాట వినలేదు. ముందున్న స్కూటీ వైపు జారుతూ వెళ్ళి, వెనక కూర్చున్న పిల్ల స్కూలు బ్యాగుకు జానెడు దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పిల్ల వెనక్కి తిరిగి నాకేసి చూసింది, అంతే. అప్పటినుంచి మబ్బు పట్టిందంటే చాలు, కారును ఆఫీసు సెల్లార్లో వదిలేసి క్యాబ్‌లో వచ్చేదాన్ని. ఇంటికి చేరడానికి ఇక ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదని ఆ కారు కొన్నప్పుడు ఎంత మురిసిపోయానో! చివరికి నేనే "అమ్మేద్దామండీ" అన్నాను.

"అమ్మేదేంటికి? టైర్లు మారుద్దాం" అన్నారు. వీడియోల మీద వీడియోలు చూశారు. మదీనాగూడలో టైర్ల షాపుకు వెళ్ళేసరికి, మైలేజ్ ఎక్కువిచ్చేదే కొనాలని ఆయన మనసులో ఖాయమైపోయింది.

షాపతను రెండు టైర్లు పక్కపక్కన నిలబెట్టాడు. "గిది అల్కగ ఉరుకుతది అన్నా, పెట్రోల్ తక్కువ తాగుతది. గది తడి రోడ్డును మంచిగ పట్టుకుంటది, గానీ జర ఎక్కువ తాగుతది."

మా ఆయన నావైపు తిరిగారు. "ఏడాదిలో వాన పడేదెన్ని దినాలు మే? కడమ దినాలన్నీ పెట్రోలు తగలేసుకుందామా?"

నాకు ఒళ్ళు మండింది. "మీకేమండీ, వానను కిటికీలోంచి చూస్తారు! ఆ కాసిని రోజుల్లో బ్రేకు మీద ఉండేది నా కాలు. ఆ స్కూటీ మీద పిల్ల నాకు ఇప్పటికీ కల్లోకొస్తోంది" అన్నాను. షాపులో అందరూ చూశారు. చూస్తే చూడనీ.

పిల్ల సంగతి ఆయనకు తెలుసు, కలల సంగతి తెలియదు. మైలేజ్ టైరును పక్కకు నెట్టారు. "పట్టుండేదే వెయ్యప్పా" అన్నారు.

"ఫికర్ చెయ్యకు అన్నా," అన్నాడు షాపతను. "గాలి తక్కువుంటే ఏ టైరైనా పెట్రోల్ తాగుతది. గాలి సక్కగ చూసుకో, జర మైలేజ్ ఆడ మిగులుతది."

సంసారమన్నాక పట్టూ విడుపూ రెండూ ఉండాలని మా అమ్మ అనేది. టైరుకూ అంతేనన్నమాట. రోడ్డును విడిస్తేనే ఉరుకుతుంది, పట్టుకుంటేనే ఆగుతుంది. ఆ రోజు పట్టు నాది, విడుపు ఆయనది. బండి తీయాలంటే బద్ధకించే మనిషి, అప్పటినుంచి ఆదివారం పొద్దున్నే వెళ్ళి గాలి చూపించుకొస్తున్నారు.

ఈ ఏడు మొదటి పెద్ద వాన సరిగ్గా ఆఫీసు వదిలే వేళకు దిగింది. సెల్లార్లో కారులో కూర్చున్నాను. టైర్లు కొత్తవే, చేతులే ఆడలేదు. వీటితోనూ వానలో నడపలేకపోతే ఇక స్టీరింగ్ ముట్టుకోవడం మానుకోవాల్సిందే అనిపించింది. క్యాబ్ కోసం తీసిన ఫోను పక్క సీటు మీద పడేసి తాళం తిప్పాను.

ఫ్లైఓవర్ దిగుతూ బ్రేకు నొక్కాను. కారు జారలేదు. చెప్పినట్టు విని ఆగింది. వెనకవాళ్ళు హారన్లు మోగించారు. మోగించుకోండి నాయనా, అనుకున్నాను. ఏడుపొచ్చేసింది.

ఇంటికి చేరేసరికి ఆయన గేటు దగ్గర గొడుగుతో ఉన్నారు. లుంగీ మోకాళ్ళదాకా తడిసిపోయింది. ఎంతసేపటినుంచి నిలబడ్డారో. నేను దిగగానే అలవాటైన మాటే అన్నారు.

"ఈ పొద్దు బండి ఎంతిచ్చింది?"

"ఇంటిదాకా ఇచ్చిందండీ" అన్నాను.