వాహనపూజ చేయించుకున్న కుక్క

నాకు కుక్కలంటే పడదు. ముందే చెప్పేస్తున్నాను, చివర్లో ఎవరూ నన్ను జంతుప్రేమికురాలని పొగడకుండా. చిన్నప్పుడు తెనాలిలో ట్యూషన్ నుంచి వస్తుంటే ఒకటి పిక్క పట్టుకుంది. తర్వాత బొడ్డు చుట్టూ పొడిపించుకున్న ఇంజెక్షన్లు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అలాంటి నా నెత్తిన, ఐర్లండ్‌లోని లీక్స్‌లిప్‌లో, నా సొంత ఇంట్లో, ఒక కుక్క చావును రుద్దబోయారు మా మగవాళ్ళు.

అవి ఊళ్ళో కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీని పెంచుతున్న రోజులు. ఏ కిటికీ తెరిచినా క్రేన్లే కనపడేవి. వారం వారం ఓ కొత్త తెలుగు కుటుంబం దిగేది, దిగిన మర్నాటి నుంచీ అద్దె ఇంటి కోసం ఏడ్చేది. మాలాగా ముందొచ్చినవాళ్ళకు జీతాలు పెరిగాయి, పదవులు పెరిగాయి, శని ఆదివారాలు ఏం చేయాలో మాత్రం తోచేది కాదు. మా ఆయనా, ఆయన స్నేహితులు ఐదుగురూ క్రికెట్ ఆడి నడుములు పట్టేయించుకున్నారు, బ్యాడ్మింటన్ ఆడి మోకాళ్ళు పట్టేయించుకున్నారు. చివరికి కూర్చున్నచోటే ఆడగలిగే ఆట కోసం వెతుకుతుంటే ఆఫీసులో ఒక ఐరిష్ ఆయన వీళ్ళను కుక్కల పందేలకు తీసుకెళ్ళాడు.

ఇక్కడ అదేం వింత కాదు. స్కూలుకు చందాలు కావాలన్నా, ఆఫీసులో ఎవరైనా రిటైరైనా అందరూ కలిసి పందేలకు వెళ్తారు. నలుగురు కలిసి ఒక పరుగు కుక్కను, గ్రేహౌండ్‌ను కొనడమూ మామూలే. దాన్ని ఒక ట్రైనర్ తన దగ్గర ఉంచుకుని మేపుతాడు, పరుగు నేర్పుతాడు, పందేనికి తీసుకొస్తాడు. యజమానులు వచ్చి కేకలు వేస్తే చాలు.

"చాకిరీ ఏం ఉండదు. అంతా ఆయనే చూసుకుంటాడు. మనం వెళ్ళి చూడ్డమే," అన్నారు మా ఆయన.

"పిల్లని కన్నప్పుడు కూడా మీరు ఇలాగే అనుకున్నారు," అన్నాను.

కొనేశారు. ఒంటి నిండా పులిచారలున్న కుక్క. సన్నటి నడుము, పొడుగు మూతి, రెండు చెవుల్లోనూ ఆకుపచ్చ సిరాతో పొడిచిన అక్షరాలు. దాని పందెం పేరు ఇక్కడ రాయను. విజయవాడలో ఒక సంఖ్యాశాస్త్రం ఆయన ఆ పేరులో ఇంకో అక్షరం కలపమన్నాడు. పేరు మార్చడం కుదరదని పందేలవాళ్ళు అన్నారు. వీళ్ళు వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆ అదనపు అక్షరంతోనే రాసుకున్నారు.

తర్వాత పూజ చేయించాలన్నారు. రేసు కుక్కకు పూజ ఏ పుస్తకంలో ఉంది? బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మాకందరికీ వ్రతాలు చేయించే ఆయన, వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు చూసుకుంటారు, కాసేపు ఆలోచించి, "కదిలేదీ, పరిగెత్తేదీ కాబట్టి వాహనపూజ చేయిద్దాం," అన్నారు. ఎవరికీ అభ్యంతరం తోచలేదు. మేనూత్ దాటాక పొలాల మధ్య ఉన్న ట్రైనర్ ఇంటి ముందు కుక్కను నిలబెట్టి, నుదుటన కుంకుమ పెట్టి, నాలుగు కాళ్ళ ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టారు. అది తొక్కలేదు. ఒక్కొక్కటీ వాసన చూసి గట్టిగా తుమ్మింది. ట్రైనర్ ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని, చర్చిలో ఉన్నంత వినయంగా నిలబడ్డాడు. ఆరుగురూ ఒక్కొక్కరే దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు దిగారు. ఆ సాయంత్రానికి ఆరుగురి వాట్సాప్ బొమ్మా అదే. పెళ్ళాలమూ పిల్లలమూ ఆ బొమ్మల్లోంచి ఖాళీ చేశాం.

మొదటి పందెంలోనే అది గెలిచింది. నిమ్మకాయల మహిమ అన్నారు. ఇంక చూడాలి వీళ్ళ సంబరం. దాని పరుగు సమయాలకు ఒకాయన ఎక్సెల్‌లో గ్రాఫులు గీశాడు. ఇంకొకాయన దాని తల్లి తండ్రి వంశం ముత్తాతల దాకా తవ్వాడు. తన ముత్తాత పేరు అడిగితే మాత్రం అమ్మకు ఫోన్ చేయాలన్నాడు.

మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్పే రకం. పొలాల్లోని ఆ ఇంటికి రెండోసారి వెళ్ళినప్పుడు అది ట్రైనర్‌ను అడిగింది, పరుగు మానేశాక ఈ కుక్కలన్నీ ఎక్కడికి వెళ్తాయని. ఊరి బయట ఒక పెద్ద ఫారం ఉంది, అక్కడ గ్రాండ్‌గా ఉంటాయని ఆయన మా వైపు చూడకుండా చెప్పాడు. కారెక్కాక అది, "ఎవ్రీవన్స్ డాగ్ గోస్ టు దట్ ఫార్మ్, మమ్. ఇట్ మస్ట్ బి మాసివ్," అంది. మా ఆయన రేడియో పెట్టారు.

ఆగస్టులో ఒక సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, మొదటి మలుపు దగ్గర మా కుక్కా పక్క కుక్కా గుద్దుకున్నాయి. మాది రెండు పల్టీలు కొట్టింది. పందెంలో కుక్కల ముందు కరెంటుతో పరిగెత్తే బొమ్మ కుందేలు ఆగలేదు, దాని వెనక మిగిలిన కుక్కలూ ఆగలేదు. అది లేవబోయి పడింది, మళ్ళీ లేచి, వెనక కాలు ఒకటి గాల్లో వేలాడుతుండగా మూడు కాళ్ళతో కుందేలు వెళ్ళిన వైపే కుంటింది. మా పక్కన గ్రాఫులు గీసే ఆయన, "అయిపోయింది, ఈ సీజన్ పోయింది," అన్నాడు.

వెనక కాలి మడమ విరిగింది. ఆపరేషన్ చేస్తే నడుస్తుంది, పరిగెత్తదు. పరిగెత్తని కుక్కను ట్రైనర్ ఉంచుకోడు, ఆయనకు చోటు లేదు. ఇలాంటివాటిని తీసుకునే ఆశ్రమాలకు ఫోన్ చేస్తే అన్నీ నిండిపోయాయన్నారు. "ఆదివారం దాకా ఉంచుతాను. ఎవరైనా ఇంటికి తీసుకెళ్తారా, లేక వెట్ డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్ళనా? మాట మీరే చెప్పాలి, కుక్క మీది," అన్నాడు ముసలాయన.

ఆ రాత్రికే ఆరు వాట్సాప్ బొమ్మలూ మారిపోయాయి. మేమందరం మళ్ళీ మా చోట్లలోకి వచ్చాం.

శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో మీటింగు పెట్టారు. నేను వంటింట్లో పకోడీలు వేస్తున్నాను. తలుపు తెరిచే ఉంది, అన్నీ వినపడుతున్నాయి. గ్రాఫుల ఆయన లాప్‌టాప్‌ను మా టీవీకి తగిలించాడు. ఆప్షన్ ఎ, ఇంటికి తెచ్చుకోవడం. ఆప్షన్ బి అని రాసి దాని ఎదురుగా 'వెట్' అని మాత్రం రాశాడు. చంపించడమన్న అసలు మాట రాయడానికి చేతులు రాలేదు. శనివారం కదా, వాళ్ళలో ఇద్దరు గుడ్డు కూడా ముట్టరు.

ఎ మీద చర్చ మొదలైంది. "నాది లీజ్ ఇల్లన్నా. ఇంటాయన గోడకు మేకు కొడ్తనే ఊకోడు, కుక్కనంటే ఊకుంటడా?" అన్నాడు వరంగల్ ఆయన. ఇంకొకాయనకు వచ్చే నెల అత్తగారు వస్తున్నారు, ఆవిడకు మడి. ఇంకొకాయన పిల్లాడికి దుమ్ము పడదు. భార్య డాక్టరుగా ఉన్న ఆయన, ఆవిడకు ఎక్కడో దూరాన స్లైగో ఆసుపత్రికి మారే అవకాశం ఉందన్నాడు. గ్రాఫుల ఆయన ఇంట్లో కుక్కకు మిగిలిన చోటు ఈశాన్యం మూలేనట. నాకు నవ్వొచ్చింది, కాసేపే.

ఎవరూ తీసుకోనంటే ఇక మిగిలింది బి. ఆ మాట ఎవరు చెప్పాలి? చెప్పినవాడికి పాపం అంటుకుంటుంది. అప్పుడు వీళ్ళకు ఒక ఆలోచన వచ్చింది, ఇన్నేళ్ళు ఆఫీసుల్లో నేర్చుకున్న విద్య అదే కదా. పనిని బయటివాళ్ళకు అప్పగించడం. ట్రైనర్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు.

"మీకు అనుభవం ఉంది. ఏది మంచిదనిపిస్తే అది మీరే చేసేయండి," అన్నారు మా ఆయన, మహా మర్యాదగా.

"లేదు అబ్బాయిలూ," అన్నాడు ముసలాయన. "మీరు చెబితే తీసుకెళ్తాను. చెప్పకుండా మాత్రం నేను చేయను. ఇప్పటికే చాలావాటిని తీసుకెళ్ళాను."

ఫోన్ పెట్టేశాక మా ఆయన గొంతు వినపడింది.

"మాకు సొంత ఇల్లు, పెరడు అన్నీ ఉన్నాయి. నేనైతే తెచ్చేసుకునేవాణ్ణి. మా ఆవిడే ఒప్పుకోవట్లేదు. అడిగి చూశాను, కుక్కలంటే చచ్చే భయం."

అందరూ హమ్మయ్య అనుకున్నట్టున్నారు. "అవును, వదినకు భయమేగా," అని ఒకరు, "పాపం, ఆమె మీద బలవంతం పెట్టుడు తప్పు," అని ఇంకొకరు. నేను పకోడీల పళ్ళెం పట్టుకుని హాల్లోకి వెళ్ళేసరికి టీవీ నిండా పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది: ఆప్షన్ ఎ సాధ్యం కాదు. కారణం, వదిన.

పళ్ళెం బల్ల మీద పెట్టాను. ఎవరూ పకోడీ తీసుకోలేదు.

"నన్నెవరు అడిగారు?" అన్నాను.

"నీకు భయం కదా అని..." అని నసిగారు మా ఆయన.

"భయమే. మీ అమ్మగారన్నా భయమే. ఆరు నెలలు ఉంచుకోలేదా?"

"గట్ల కాదు వదినా," అన్నాడు వరంగల్ ఆయన.

"ఎట్లా కాదు? కుంకుమ పెట్టినప్పుడు మీ ఆరుగురి కుక్క. గెలిచినప్పుడు మీ ఆరుగురి కుక్క. కాలు విరిగితే దాన్ని చంపేది వదినా? మీ పాపాలకు ఇంటి పేరు, ఒంటి పేరు నావా?"

నాది కోపం ఒక్కటే కాదు. పక్కన నిలబడి కుంకుమ పళ్ళెం అందించింది నేనే, మూడు కాళ్ళతో అది కుందేలు వైపే కుంటడం చూసిందీ నేనే. మెట్ల మీంచి మా అమ్మాయి, "మమ్, ఆర్ వి గెటింగ్ హిమ్?" అంది. నేను మా ఆయనతో, "కారు తియ్యండి," అన్నాను.

దయతో అన్నానా, పంతంతో అన్నానా అని ఇప్పటికీ మా ఇంట్లో వాదన జరుగుతుంది. పంతమేనని మా ఆయన అంటారు. దారిలో వెనక్కి తిప్పమందామని రెండుసార్లు నోటి దాకా వచ్చింది.

ముసలాయన దాన్ని సిమెంటు గదిలోంచి బయటికి తెచ్చాడు. కాలికి కట్టు. అది నా దగ్గరికి నేరుగా కుంటుకుంటూ వచ్చింది. నేను ఊపిరి బిగబట్టి కళ్ళు మూసుకున్నాను. అది కరవలేదు, నాకలేదు. ఒళ్ళంతా నా మోకాలికి ఆనించి అలా నిలబడిపోయింది. "ఈ జాతివాళ్ళంతా అలాగే ఆనుకుంటారు," అన్నాడు ముసలాయన. "మీరు పక్కకు జరిగితే పడిపోతాడు." నేను జరగలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆపరేషన్‌కు అందరూ తలా కొంత వేసుకున్నారు, ఆ విషయంలో వంక పెట్టక్కర్లేదు. వాడు మా ఇంటికి వచ్చాక తెలిసింది, ఇల్లంటే ఏమిటో వాడికి తెలియదని. మెట్లు చూస్తే దిగులు. గాజు తలుపుకు ముక్కు కొట్టుకునేవాడు. కుక్కర్ కూత వేస్తే సోఫా వెనక దూరేవాడు. మిగతా సమయమంతా నిద్ర. గాలిలా పరిగెత్తే కుక్కంటూ మా ఆయన చెప్పుకున్న మహావీరుడు, రోజుకు పద్దెనిమిది గంటలు నా మంచి దుప్పటి మీద కాళ్ళు బారజాపి పడుకునేవాడు. నేను తిడుతూనే దుప్పటి ఉతికేదాన్ని.

కట్టు విప్పిన వారం ఐదుగురూ కుటుంబాలతో భోజనానికి వచ్చారు. మళ్ళీ ఫొటోలు. మళ్ళీ "మనోడు, మనోడు." వాడు మాత్రం నిద్రలోంచి ఒక కన్ను తెరిచి మూశాడు. పెరుగన్నాలు అయ్యాక అందరూ లేచారు. వరంగల్ ఆయన జేబులోంచి కారు తాళాలు తీశాడు.

ఆ గలగలకు వాడు దిగ్గున లేచాడు. అప్పుడే అతుక్కుంటున్న కాలు ఎత్తిపట్టుకుని, ఎవరూ పిలవకుండానే వీధి తలుపు దగ్గరికి వెళ్ళి, తల దించుకుని నిలబడ్డాడు. మూడు కాళ్ళూ సన్నగా వణుకుతున్నాయి.

"చూడన్నా, మనతోని వస్తనంటుండు! ఎంత ప్రేమనో," అన్నాడు వరంగల్ ఆయన. ఇద్దరు వీడియో తీయడానికి ఫోన్లు ఎత్తారు.

"నో, అంకుల్," అంది మా అమ్మాయి, మెల్లగా. "హీ థింక్స్ యు ఆర్ టేకింగ్ హిమ్ టు రేస్."

ఫోన్లు దిగాయి. వరంగల్ ఆయన చేతిలో తాళాల వైపు చూసుకున్నాడు. పిడికిలి బిగించి, తలుపు దగ్గర నేల మీద కూలబడి, "పోరా, పోయి పండుకో. నేనేడికీ తోల్కపోను," అన్నాడు. వాడు పడుకోలేదు. అందరి కార్లూ వెళ్ళిపోయేదాకా తలుపు దగ్గర అలాగే సిద్ధంగా నిలబడ్డాడు.

అప్పటి నుంచి మా ఇంటికి ఎవరొచ్చినా చెప్పులతో పాటు కారు తాళాలూ బయటే, ఆ చెప్పుల్లోనే పెట్టి రావాలి. మా తాళాలు వంటింట్లో కందిపప్పు డబ్బాలో ఉంటాయి. పప్పులో ఇనుమేమిటని నేను రోజూ సణుగుతాను. రోజూ పొద్దున మా ఆయన ఆ పప్పులో చెయ్యి పెట్టి, తాళం పిడికిట్లో బిగించుకుని, మునివేళ్ళ మీద దొంగలా వీధి తలుపు దాటతారు. వాడు లేవడు.