పాకం పూసిన ఫ్రెంచి పోస్టరు

ఆ రోజుల్లో సినిమా పోస్టరు ఆయుష్షు శుక్రవారం నుంచి గురువారం దాకా. ఆ ఏడు రోజుల్లోనే ఎండకి వెలిసి, వానకి నాని, కొంత మేకల నోట్లోకి పోయి, మిగిలినదాని మీద కొత్తది ఎక్కేది. దాన్ని దాచుకోవాలన్న ఆలోచన పిచ్చివాడికైనా వచ్చేది కాదు. ఇప్పుడు చూడండి. మొన్న మా మనవరాలు అట్టపెట్టె విప్పి, ఫ్రేము కట్టిన పోస్టరొకటి హాల్లో గోడకి ఆనించింది. టోపీ కళ్లదాకా దించుకున్న మగమనిషి, వాడి వెనక పిస్తోలు పట్టుకున్న ఆడమనిషి, పైన పసుపుపచ్చటి ఫ్రెంచి అక్షరాలు. "పాతదానికి అచ్చు నకలు తాతా, మడతలు కూడా దింపేరు చూడు" అంది. నిజమే. కాయితం కొత్తదే గానీ మడతలు అచ్చువేసినవి, మరకలు అచ్చువేసినవి, కింద మూల చిరుగు కూడా అచ్చువేసిందే. (ఒక్క మూల చిరిగిన పాపానికి బతుకంతా మాట పడ్డవాణ్ణి నేను. ఇప్పుడు చిరుగుని కోరి కొనుక్కుంటున్నారు.) ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే, ఈ పోస్టరు అసలుది ఒకప్పుడు అనకాపల్లి వచ్చింది. అంటించింది నేనే.

ఆరో క్లాసు దగ్గర నా చదువుకి శుభం కార్డు పడింది. ఆ తరవాత నేర్చిందంతా గోడల మీదే. ఇరవై ఏళ్లకి ఒక సినిమా హాల్లో పోస్టర్లు అంటించే పని. నిచ్చెన, గంజి బకెట్టు, సైకిలు, ఇదీ నా ఆస్తి. కోరిక మాత్రం ఒకటే, ఆపరేటరు గదిలోకి వెళ్లాలని. అక్కడ నీడ, పైగా గోడలోని చిన్న కిటికీలోంచి రోజూ సినిమా. అలాంటి రోజుల్లో ఆదివారం పొద్దుటి ఆటకి ఒక నలుపుతెలుపు హత్యల సినిమా తెప్పించేరు. ప్రింటు పాండిచ్చేరి మీదుగా వచ్చిందట, కూడా ఒకే ఒక్క పోస్టరు. మేనేజరు గారు దాన్ని నా చేతిలో పెట్టి, "దీన్ని చెక్కుచెదరకుండా సోమవారం నాకు తిరిగియ్యి, నిన్ను ఆపరేటరు దగ్గర పెడతాను" అన్నారు. హాలు ముందున్న చెక్కకి పిన్నులతో గుచ్చమన్నారు కూడా.

అక్కడే నా స్వయంపాండిత్యం అడ్డొచ్చింది. పిన్ను గుచ్చితే చిల్లు పడుతుంది. మైదా గంజి ఎండితే పెచ్చుతో పాటు కాయితమూ లేస్తుంది. అదే బెల్లం పాకమైతే? నాలుగు మూలలా చుక్క పెట్టి, సోమవారం తడిగుడ్డ అద్దితే కరిగి ఊరుకుంటుంది. (ఈ శాస్త్రంలో తప్పేమిటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు.) పశువులు ముట్టకుండా గంజిలో మైలుతుత్తం కలపడం మా పనిలో మొదటి పాఠం. కానీ ఆ నీలిరంగు ఫ్రెంచి కాయితానికి అంటుతుందని అదీ మానేశాను. మునగపాకలో చెరుకు గానుగ దగ్గర పనిచేసే మా బావ డబ్బాడు పాకం తెచ్చిచ్చి, "ఇది బెల్లం మార్కెట్టుకెళ్లే దారి. ఎడ్లు ఊరుకోవు బావా" అని గొణిగేడు. నీకేటి తెలుసు, నువ్వు పాకం కాచుకో అన్నాను.

శనివారం పొద్దున్న అంటించి, ఇడ్లీ తిని వచ్చేసరికి బండి విప్పిన ఎద్దొకటి తీరిగ్గా నాకుతోంది. ముందు నాకుడు, తరవాత నమలడం. కింద మూలతో పాటు ఆవిడ చెయ్యి, పిస్తోలు మాయం. బండివాణ్ణి నిలదీస్తే, వాడు టీ గ్లాసు దించకుండా, "బొమ్మకి బెల్లం ఎవుడు రాయమన్నాడు? నా ఎద్దు నాకిందంటే మంచి సరుకన్నమాట" అన్నాడు.

ఆపరేటరు గది నా కళ్లముందే మూసుకుపోతోంది. పరుగున పాత పోస్టర్ల కొట్లో దూరి వెతికితే, ఒక భక్తి సినిమాలో సరిగ్గా అంత చెయ్యి దొరికింది. గాజులున్నాయి. హారతి పళ్లెం ఉంది. అయినా చెయ్యి చెయ్యే కదా. కత్తిరించి అతికించేను. (ఈసారి తుత్తం కలిపేను. బుద్ధి వచ్చింది, ఒక పూట ఆలస్యంగా.)

ఆదివారం హాలు నిండింది. పొద్దుటి ఆటకి పట్టుమని పాతికమంది రాని హాలు. వచ్చినవాళ్లంతా ఆడవాళ్లు, పూలు పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని. టోపీ మొగుణ్ణి హారతిచ్చి దారికి తెచ్చుకునే ఇల్లాలి కథ అనుకున్నారు. అరగంటకే బయటికి రావడం మొదలుపెట్టేరు. గేటు దగ్గర సర్దిచెప్పడానికి నన్ను నిలబెట్టేరు. తుమ్మపాల నుంచి నడిచొచ్చిన ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏటి బాబూ, అందరూ సీకట్లో సిగరెట్లు కాల్సడమే గానీ, ఆ తల్లి హారతి ఎప్పుడిత్తాది?" అని అడిగింది. నేనూ సినిమా చూడలేదు.

మేనేజరు గారు పోస్టరు దగ్గరికి వెళ్లి, ఆ చేతిని గోటితో కొంచెం పైకెత్తి చూసేరు. తిట్టలేదు. "నిన్ను ఆపరేటరు గదిలో పెడితే రీలుకి కూడా పాకం రాస్తావు" అని మాత్రం అన్నారు. అంతే. ఆ హాలు మూతపడేదాకా నేను నిచ్చెన మీదే ఉన్నాను.

ఇదంతా చెప్పి, "ఇంతకీ ఆవిడ వాణ్ణి కాల్చిందా?" అని మనవరాల్ని అడిగేను. "ఏమో తాతా, నేనూ చూడలేదు. గోడకి బాగుంటుందని కొన్నాను" అంది. చూడని సినిమాకి పోస్టరు కడతారా అని అరగంట కేకలేశాను. (మరి చూడని సినిమాకి నువ్వు అంటించలేదా అని అది అడగలేదు, మంచిపిల్ల.) ఫోనులో ఇప్పుడే పెడతానంది గానీ వద్దన్నాను. ఆ సినిమాని నేను ఒక చిన్న కిటికీలోంచి చూడాల్సింది. అరచేతిలో చూసి ఏం లాభం?

మేకు మాత్రం నేనే కొట్టేను. తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూశాను. ఒంకర లేదు. చిరుగు మీద వేలు పెడితే నున్నటి అద్దం. అంతా బాగానే ఉంది. కానీ ఎంతసేపు చూసినా, ఆవిడ చేతికి ఆ పిస్తోలు నప్పినట్టు లేదు. హారతి పళ్లెమే బాగుండేది.