దానియేలు గారి పేరు పడని వీధి

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పూజలో కూర్చున్నా, పెళ్లిలో భోజనానికి కూర్చున్నా అది నాతోనే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది విజయవాడ నుంచి కంకిపాడు వెళ్లే దారిలో ఒక కాలనీ. అప్పట్లో మా వీధులకు నంబర్లే ఉండేవి. పేర్లు పెడతాం, సంతకాలతో అర్జీలు ఇవ్వండి అన్నారు అధికారులు. కాలనీ సంఘం కార్యదర్శిని నేనే. అర్జీలన్నీ నా చేతి మీదుగా వెళ్లాలి.

మా ఎదురింట్లో దానియేలు గారని రిటైరైన హవల్దారు ఉండేవారు. సరిహద్దులో తూటా తగిలి ఆయన ఎడమకాలు సరిగా వంగేది కాదు. ఒకసారి వరదకు మా వీధి నడుము లోతు మునిగితే, ఆ కాలితోనే మా అమ్మను వీపు మీద మోసుకుని మెయిన్ రోడ్డుకు చేర్చారు. మడీ ఆచారం అంటూ ఎవర్నీ తాకనివ్వని అమ్మ, ఆ రోజు ఆయన మెడను గట్టిగా వాటేసుకుంది. రెండేళ్ల తర్వాత ఆయన గుండెపోటుతో పోయారు.

వీధికి ఆయన పేరు పెట్టాలని భార్య మార్తమ్మ గారు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు చేయించారు. అందరూ చేశారు. నేనూ చేశాను. అర్జీ నా చేతిలో పెట్టి వెళ్లారు.

నేను దాన్ని పంపలేదు.

ఎందుకని? మరిచిపోయానా? లేదు. మా ఇంటికొచ్చే ప్రతి ఉత్తరం మీదా, రేపు మావాడి శుభలేఖ మీదా ఆ పేరే ఉంటుందని, అది చూసి మా చుట్టాలు మేమెవరి మధ్య ఉంటున్నామని అడుగుతారని, అమ్మ ప్రాణం కాపాడిన మనిషి పేరు చెప్పుకోవడానికి నాకు నామోషీ అయింది. ‘మందార వీధి’ అని ఇంకో కాగితం రాసి, సంఘం ముద్ర వేసి పంపాను.

బోర్డు పాతిన రోజే మార్తమ్మ గారు వచ్చారు.

“ఏంటండీ, ఆయన పేరు రాలేదే?”

“మనుషుల పేర్లు వద్దన్నారమ్మా పైవాళ్లు. చాలా చెప్పి చూశాను.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకున్నారు. “పోన్లెండి సార్. మీరు మాత్రం ఏం చేస్తారు?”

నెల తిరక్కుండానే పక్క వీధికి మా ప్లాట్లు వేసినాయన పేరు పడింది. రోజూ పాలకు ఆ బోర్డు ముందు నుంచే వెళ్లేవారామె. అర్థం కాలేదా? అర్థమయ్యే ఊరుకున్నారా? ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంటికి కేకు పంపుతూనే ఉన్నారు. తెలిసి పంపారా, తెలియక పంపారా? ఏది నిజమైతే నాకు తేలిక?

పోయిన నెల ఆమె కూడా పోయారు. సమాధుల దగ్గర వాళ్లమ్మాయి నా చేతులు పట్టుకుని, నాన్న పేరు కోసం మీరెంత తిరిగారో అమ్మ చెబుతుండేదండీ అంది. అప్పుడైనా చెప్పాల్సింది. తల ఊపి వచ్చేశాను.

ఆ అమ్మాయికి చెప్పే ధైర్యం వస్తుందో రాదో నాకే తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, క్షమించాల్సినవాళ్లు మీరు కాదు. ఇది రాశాక మాత్రం ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది. ఇంకేమీ మారలేదు.

వద్దన్నది పైవాళ్లు కాదండీ. నేనే.