బూట్లు ఊడితేనే ప్రసంగం

దేవుని నామానికి స్తోత్రం. అల్పుణ్ణి తీసుకెళ్లి తన వాక్యం ముందు నిలబెట్టే దేవుడు ఆయన. నన్ను నిలబెట్టినట్టు మాత్రం మా సంఘంలో ఇంకెవరినీ నిలబెట్టి ఉండడు.

ఆ రోజుల్లో, అంటే అమెరికా పడమటి తీరాన బాతెల్‌ అనే ఊళ్లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకు రెండే కోరికలు. వాక్యం చెప్పాలి, చెప్పేటప్పుడు బాగా కనబడాలి. మా తెలుగు సంఘంలో నా వయసువాళ్లకు ఆ అవకాశం రాదు. అంతలో కొండలకు అవతల, నలభై గడపలైనా లేని ఒక ఊరి నుంచి పిలుపు వచ్చింది. గుర్రపు బండ్లలో పడమటికి వచ్చిన తొలి కుటుంబాలు కట్టుకున్న చెక్క చర్చి అది. పాస్టరు లేడు. బయటి సంఘాలు వంతులవారీగా వెళ్లి ఆరాధన నడిపిస్తాయి. మా సంఘ పెద్ద అంకుల్ నన్ను పిలిచి, "ఈసారి నువ్వు చెప్పు బాబూ. బాగా చెప్తే మన చర్చిలో కూడా చాన్స్ ఇద్దాం" అన్నారు.

ముందురోజే వెళ్లాం. ఒకటే వీధి, ఒకటే దుకాణం. అందులో పిక్కల దాకా వచ్చే కౌబాయ్ బూట్లు చూసి ఆగలేకపోయాను. నా సైజు లేదు, ఒక సైజు తక్కువవి కొన్నాను. (ఎర్ర సముద్రం మీద ప్రసంగానికి ఆ బూట్లు ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.)

మర్నాడు ఉదయం చర్చి మెట్ల దగ్గర అంకుల్ చెప్పులు విడిచి, నా కాళ్లవైపు చూశారు. "బూట్లతో పుల్‌పిట్ ఎక్కుతావా?"

"ఇక్కడ అందరూ బూట్లతోనే వెళ్తున్నారు అంకుల్."

"వాళ్ల సంగతి వేరు. నువ్వు విప్పకపోతే వాక్యం నేను చెప్తాను."

లాగాను, రాలేదు. స్తంభం పట్టుకుని లాగాను, స్తంభం కదిలింది. లోపల మొదటి పాట అయిపోయింది. ఇంకో రెండు అయితే నా వంతు. ఎనభై ఏళ్ల పశువుల ఆసామి ఒకాయన అప్పుడే వచ్చాడు. నన్ను చూసి నవ్వి, వెనక్కి తిరిగి, నా కాలిని తన మోకాళ్ల మధ్య ఇరికించుకుని వంగాడు. "రెండో కాలు నా వెనకభాగానికి ఆనించు. పుష్, సన్, పుష్!"

"నో సర్! పెద్దవాళ్లకి కాలు తగలకూడదు!"

"ఒరేయ్, తాతలాంటి మనిషిని తంతావా?" అంకుల్ కేక పెట్టారు. రెండో పాట అయిపోయింది. ఆయన ఒకసారి బూటు వైపు, ఒకసారి తలుపు వైపు చూసి, కళ్లు మూసుకున్నారు. "తన్ను నాయనా. దేవుడు క్షమిస్తాడు."

తన్నాను. బూటు ఊడింది. పెద్దాయన గడ్డిలో బోర్లా పడ్డాడు. నా ప్రాణం పోయింది. ఆయన లేచి, దులుపుకుని, "రెండోది ఇటివ్వు" అన్నాడు.

మేజోళ్లతో పుల్‌పిట్ ఎక్కేసరికి నా తలలో ఉన్న ఎర్ర సముద్రం మొత్తం ఇంకిపోయింది. ముందు బెంచీలో మోకాళ్లకు గడ్డి అంటుకుని ఆయన కూర్చున్నాడు. చేయి దానంతటదే యోహాను సువార్త పదమూడో అధ్యాయం తీసింది. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన చోటు చదివి, "ఈ ఉదయం నా పాదాల దగ్గర కూడా ఒక పెద్దాయన వంగాడు" అన్నాను. ఆపైన రాసుకున్నదేదీ లేకుండా, వణుకుతూనే చెప్పాను. ఏడు నిమిషాల్లో ముగించాను. పెద్దాయన నా చేయి పట్టుకుని, "మా ముత్తాత కట్టిన చర్చి ఇది. మళ్లీ రా" అన్నాడు. అంకుల్ కళ్లు తుడుచుకుని, "వచ్చే నెల మన దగ్గర నువ్వే" అన్నారు.

ఆ ఏడు నిమిషాలంటే నాకు ఈరోజుకీ గర్వమే. ఇప్పుడు గంటసేపు చెబుతాను, పాయింట్లు తప్పకుండా. ఎవరూ మళ్లీ రమ్మనరు! చదువుతున్న మీరూ నాతో ఒక్క క్షణం తల వంచండి. ఆ చిన్న సంఘానికి దేవుడు ఒక కాపరిని పంపాలని, బూట్లు ఊడిన ఆ కుర్రవాడికి ఆరోజు వచ్చిన వణుకు, పెద్దమనిషినైపోయిన నాకు మరోసారి ఇవ్వాలని ప్రార్థించండి.