ముగింపు మీరే రాయండి

సూర్యకుమారిని చెడ్డమనిషి అన్నవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు. మస్కట్‌లోని అల్ హైల్‌లో ఆమె ఉండే భవనంలో ఎవరినైనా అడగండి, ఆవిడ చాలా మంచిదనే చెబుతారు. వినాయక చవితికి ఉండ్రాళ్లు పంచుతుంది. కొత్తగా దిగినవాళ్లకు కరివేపాకు ఏ కొట్లో తాజాగా దొరుకుతుందో చెబుతుంది. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడదు. పేచీ అంతా ఆ గొంతు పెంచకపోవడం దగ్గరే ఉంది.

ఆమెది తణుకు. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి, విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో కొన్నాళ్లు పాఠాలు చెప్పింది. పెళ్లయ్యాక భర్త వెంకటేశ్వర రావు వెంట మస్కట్ వచ్చేసింది. ఆయన బర్కా దగ్గర ఒక ప్లాంటులో ఇంజనీరు. పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వస్తాడు. ఒక్కతే కూతురు తన్మయి, తొమ్మిదో తరగతి. చదివిన చదువంతా పోపులో వేసి వేయించేస్తున్నానని సూర్యకుమారి కుమిలిపోతున్న రోజుల్లో, కింది ఫ్లాటులో ఉండే ఫాంగ్ అనే చైనా ఆవిడతో స్నేహం కలిసింది. ఈవిడ పులిహోర పంపితే ఆవిడ ఆవిరి కుడుముల్లాంటివేవో పంపేది. తర్వాత ఫాంగ్ తన ఊరికి తిరిగి వెళ్లిపోయి, హైస్కూలు పిల్లలకు చిన్న ట్యూషన్ కేంద్రం తెరిచింది. ఇంగ్లీషు వ్యాకరణం, పదాలు, చదివి అర్థం చేసుకోవడం నేర్పడానికి సూర్యకుమారినే పిలిచింది. అక్కడ రాత్రి భోజనాలయ్యే వేళ ఇక్కడ మధ్యాహ్నం. పడకగది తలుపు వేసుకుని, కంప్యూటర్ ముందు ఇస్త్రీ చీరలో కూర్చుంటే సూర్యకుమారి మళ్లీ మేడమ్ అయిపోయేది.

చైనా పిల్లలు జూన్‌లో రాసే పెద్ద పరీక్షలో ఒక ప్రశ్న ఉంటుంది. కథ ఒకటి ఇచ్చి, దాన్ని సరిగ్గా సగంలో ఆపేస్తారు. అక్కడి నుంచి రెండు పేరాలు రాసి ముగించడం పిల్లల పని. ఆ పేరాల మొదటి వాక్యాలు కూడా వాళ్లే ఇస్తారు. ముగింపు ఆర్ద్రంగా ఉండాలి, మనుషుల్లోని మంచితనం బయటపడాలి, అప్పుడే మార్కులు బాగా పడతాయని ఫాంగ్ గట్టిగా చెప్పింది. ప్రతి వారం ఇలాంటి సగం కథ ఒకటి తయారు చేసి ఇవ్వాల్సింది సూర్యకుమారే. తప్పిపోయిన కుక్కపిల్ల అయిపోయింది, వానలో గొడుగు ఇచ్చిన అపరిచితుడు అయిపోయాడు, రైల్లో మర్చిపోయిన వయొలిన్ కూడా అయిపోయింది. మే నెల మొదటి వారం వచ్చేసరికి ఆమె బుర్ర ఖాళీ.

అదిగో, ఆ వారమే యాదవ్వ సెలవు అడిగింది.

యాదవ్వ ఆ ఇంట్లో వంటా పనీ చూసుకునే మనిషి. జగిత్యాల దగ్గర పల్లె. భర్త ఇస్తారి పోయాక కూతురు రాజేశ్వరిని తల్లి దగ్గర వదిలి ఒమన్ వచ్చింది. తర్వాత ఆ తల్లీ పోయింది. పోయినేడు వెళ్లి కూతురి పెళ్లి చేసి వచ్చింది కనుక, ఒప్పందం ప్రకారం మళ్లీ సెలవు వచ్చే ఏడుగానీ లేదు. ఆమె పాస్‌పోర్టు వీళ్ల బీరువాలో, పట్టుచీరల కింద ఉంటుంది. భద్రం కోసం అని సూర్యకుమారి అంటుంది. ఎవరి భద్రం అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

సూర్యకుమారి బాల్కనీలో కాఫీ తాగుతుంటే యాదవ్వ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"అమ్మా, ఒక మాట. బిడ్డకు నెలలు దగ్గరపడ్డయ్. తొలుసూరు కాన్పు. తల్లిగారింటికి తీస్కరావాలె. ఒక నెల పోయొస్తనమ్మా."

"ఇప్పుడా?"

"ఇంట్ల ఇంకెవ్వరు లేరు గదమ్మా. నేను పోతెనే అది తల్లిగారిల్లు. నేను లేకుంటె తాళమే."

సూర్యకుమారి కప్పు కింద పెట్టింది. జూన్ దాకా రోజుకు రెండు క్లాసులు. మధ్యలో దిద్దాల్సిన వ్యాసాలు, తన్మయి భోజనం, ఆయన క్యారేజీ. యాదవ్వ లేని ఇల్లు ఒక్కసారి కళ్లముందు తిరిగింది. అయినా విసుక్కోలేదు. ఎంతో ఆప్యాయంగానే చెప్పింది.

"నీ బాధ నాకు తెలీదా యాదవ్వా? కానీ ఈ నెల ఎలా కుదురుతుంది చెప్పు. జూన్‌లో పరీక్షలైపోతాయి. అవ్వగానే నేనే టికెట్ తీయిస్తాను. నెల కాదు, రెండు నెలలుండు. కాన్పు అంటావా, ఆసుపత్రిలో డాక్టర్లుంటారు. నువ్వు వెళ్లేసరికి మనవణ్ణి చక్కగా ఎత్తుకోవచ్చు."

"సరే అమ్మా," అని యాదవ్వ కప్పు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఒప్పించిన తృప్తితో సూర్యకుమారి ఆ సాయంత్రమే కథ రాయడానికి కూర్చుంది. పనిమనిషి, పురిటికి దగ్గరపడ్డ కూతురు, తాళం వేసిన ఇల్లు, అన్నీ అలాగే దించేసింది. తాళం మాట కూడా వదల్లేదు. పేరు ఒక్కటి మార్చింది. పనిమనిషి సెలవు అడిగి తలుపు దగ్గర నిలబడిన చోట కథ ఆపేసి, మొదటి పేరాకు ఆరంభ వాక్యం ఇచ్చింది: ఆ ఇల్లాలు కప్పు కింద పెట్టి ఆమె వైపు చూసింది. ఇంట్లో మనిషి గుండెకోతను తీసుకెళ్లి ప్రశ్నపత్రంలో పెడుతున్నానన్న ఆలోచన ఆమెకు రానేలేదు. ఈసారి కథ భలే సహజంగా వచ్చిందని మాత్రం మురిసిపోయింది. ఫాంగ్ కూడా మెచ్చుకుంది.

వారం తర్వాత పిల్లల ముగింపులు వచ్చాయి. మొదటిదాంట్లో ఇల్లాలు కన్నీళ్లు తుడుచుకుని పనిమనిషిని కావలించుకుంది. రెండోదాంట్లో తనే కారు నడిపి విమానాశ్రయం దాకా దింపింది. ఇంకోదాంట్లో పసిబిడ్డకు ఎర్ర స్వెట్టర్ అల్లి ఇచ్చింది. మరో అబ్బాయి ఏకంగా ఇల్లాలిని కూడా విమానం ఎక్కించి, తాళం వేసిన ఆ ఇల్లు ఆమె చేతే ఊడ్పించాడు. ఒకదాని తర్వాత ఒకటి దిద్దుతున్నకొద్దీ సూర్యకుమారికి కుర్చీలో ఇబ్బందిగా అనిపించసాగింది. పదాలు బాగున్నాయి, కాలాలు సరిగ్గా ఉన్నాయి, తప్పు పట్టడానికేమీ లేదు. అదే బాధ.

చివరగా యూటింగ్ అనే అమ్మాయి వ్యాసం. అందులో ఇల్లాలు చిరునవ్వుతో, "నీ బాధ నాకు అర్థమైంది. నా పని పూర్తయ్యాక తప్పకుండా వెళ్దువుగాని," అంటుంది. పనిమనిషి "సరే" అని కప్పు కడగడానికి వెళుతుంది. రెండో పేరా అంతా ఆమె కప్పులు కడగడమే. ఎవరూ ఏడవరు. ఎవరూ ఎక్కడికీ వెళ్లరు.

బాల్కనీ పక్కన నిలబడి విన్నట్టు రాసింది ఆ పిల్ల. సూర్యకుమారికి ముందు భయం వేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది. అందరికంటే తక్కువ మార్కులు వేసి, కింద ఇలా రాసింది: ఇది నమ్మేలా లేదు. మంచి ఇల్లాలు ఎవరూ ఇలా చేయరు. ముగింపు మార్చి రాయి. రాశాక ఆ పిల్లమీద గెలిచినట్టు కాసేపు హాయిగా ఉంది. సిగ్గుపడాల్సినవన్నీ ఒకెత్తు, ఆ కాసేపటి హాయి ఒకెత్తు.

మర్నాడు క్లాసులో ఆ వ్యాసాల గురించే చర్చ. మామూలుగా నోరు మెదపని యూటింగ్ చెయ్యెత్తింది. ఒక్కో మాటా కూడబలుక్కుని ఇంగ్లీషులో అడిగింది.

"టీచర్, మంచి ఇల్లాలు ఇలా చేయదని మీరు రాశారు. నా కథలో ఆవిడ మంచిదే. అరవలేదు, కొట్టలేదు. మర్యాదగానే చెప్పింది. మా అమ్మ పెద్ద ఊళ్లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకుంటుంది. వాళ్లూ మంచివాళ్లే. కొత్త సంవత్సరానికి పంపలేమని మర్యాదగా చెప్పారు. మా అమ్మ సరే అంది. మరి ఇది నమ్మేలా లేదని మీకెలా తెలుసు?"

తెర మీద ఉన్న మొహాలన్నీ ఆమెనే చూస్తున్నాయి. సూర్యకుమారికి తల కొట్టేసినట్టయింది. తన పురుడు గుర్తొచ్చింది. తణుకులో తల్లి ఆమెను మంచం దిగనివ్వలేదు. నొప్పులొచ్చినప్పుడు తల్లి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్ల గుర్తులు వారం దాకా పోలేదు. ఆసుపత్రిలో డాక్టర్లు అప్పుడూ ఉన్నారు. డాక్టర్లుంటారులే అని అప్పుడు ఎవరైనా అని ఉంటే, వాళ్ల మొహం జన్మలో చూసేది కాదు.

"ఇంటర్నెట్ సరిగ్గా లేదు, రేపు మాట్లాడుకుందాం," అని క్లాసు మధ్యలోనే ఆపేసింది. ఇంటర్నెట్ బ్రహ్మాండంగా ఉంది. పదిహేడేళ్ల పిల్లకు జవాబు చెప్పలేక అబద్ధమాడి పారిపోయానని తెలిసి మరీ కుంచించుకుపోయింది.

లేచి బీరువా తెరిచి, పట్టుచీరల కింద చెయ్యి పెట్టి పాస్‌పోర్టు బయటికి తీసింది. ఆ పని చేస్తుంటే దొంగతనం చేస్తున్నట్టు తలుపు వైపు చూసుకుంది. దాచినప్పుడు చూసుకోలేదు. రేపే పంపించెయ్యాలి, వంట తను చేసుకుంటుంది, క్లాసులు పోతే పోనీ అని గబగబా వంటింట్లోకి నడిచింది.

యాదవ్వ చింతపండు నానబెట్టి గింజలు తీస్తోంది.

"యాదవ్వా, ఇదిగో నీ పాస్‌పోర్టు. అయ్యగారికి ఫోన్ చేస్తాను, రేపటికే టికెట్ తీయమని. నువ్వు బట్టలు సర్దుకో."

యాదవ్వ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంది. పాస్‌పోర్టు మాత్రం అందుకోలేదు.

"పుట్టిందమ్మా," అంది. "ఆడపిల్ల. నిన్న పుట్టింది. నెలలు నిండకముందే నొప్పులొచ్చినయట."

"నిన్నా? నాతో చెప్పలేదేం?"

"మీరు క్లాసుల ఉంటిరి. తలుపేసి ఉన్నప్పుడు పిలువద్దంటిరి గద. తర్వాత అయ్యగారొచ్చిండ్రు, వంటల పడ్డ."

"ఇద్దరూ బాగున్నారా? దగ్గరెవరున్నారు?"

"మంచిగున్నరమ్మా. ఇల్లు ఒకపారి చూసిపోదామని అది మా ఊరికొచ్చి ఉండెనట. జైనబీ అని మా ఎదురింటామె, ఆమెనే బండి మాట్లాడి దవాఖానకు తీస్కపోయింది. పిల్లను గూడ ముందుగాల ఆమెనే ఎత్తుకున్నది." యాదవ్వ ఫోన్ తీసి చూపించింది. తెల్లటి గుడ్డలో చుట్టిన పసిగుడ్డు, ఆ బిడ్డను పట్టుకున్న ఎవరో నడివయసు మనిషి చేతులు. రాజేశ్వరి ఫోటోలో లేదు.

"అయినా వెళ్లు యాదవ్వా. ఇప్పుడైనా వెళ్లు."

"ఇప్పుడు పోయి ఏం జెయ్యాలెనమ్మా. అత్తగారోళ్లు వాళ్లింటికే తీస్కపోతున్నరు. తల్లిగారింటికి తాళమున్నదని ఊరందరికి తెల్సు." ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. ఉంటే బాగుండునని సూర్యకుమారికి అనిపించింది. "జూన్లనే పోత తియ్యుండ్రి. మీ పరీక్షలు గానియ్యుండ్రి."

మళ్లీ కూర్చుని గిన్నె దగ్గరికి లాక్కుంది. ఏదో గుర్తొచ్చి చిన్నగా నవ్వింది.

"దవాఖానల సిస్టరమ్మ అడిగిందట, నీ తల్లేది, తొలుసూరు కాన్పుకు గూడ రాలేదా అని. పరీక్షలున్నయ్, అందుకే రాలేదని చెప్పిందట నా బిడ్డ. ఈ వయసుల నీ తల్లికి పరీక్షలేంది అని వార్డుల అందరు నవ్విండ్రట."

సూర్యకుమారి నవ్వలేకపోయింది. పాస్‌పోర్టు ఏం చేయాలో తెలియక రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది.

"నేను గూడ ఎన్నడు అడుగలేదు," అంది యాదవ్వ. "ఎవరియమ్మా ఆ పరీక్షలు?"

"చైనాలో పిల్లలవి."

చైనా అన్న మాట ఆ వంటింట్లో ఇంత సిగ్గుమాలినదిగా వినిపిస్తుందని ఆమె అనుకోలేదు. యాదవ్వ తలెత్తి ఆమెను కాసేపు చూసింది. ఇప్పుడన్నా ఒక మాట అంటుందని సూర్యకుమారి ఎదురుచూసింది. తిడితే పడదామనే నిలబడింది.

"అంత దూరం పిల్లలా," అంది యాదవ్వ. "పాపం. పరీక్షలప్పుడు తల్లి పక్కనుంటె పిల్లలకు ధైర్యం. వాళ్ల తల్లులు దగ్గరున్నరో లేరో."

సూర్యకుమారి అక్కడే గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయింది. యాదవ్వ కంగారుపడి, అమ్మగారికి కళ్లు తిరిగాయేమోనని మంచినీళ్లు తేవడానికి లేచింది.