పద్నాలుగో గడిలో ఆలివిన్

మా కాలేజీ జియాలజీ ల్యాబులో రాళ్లను పరీక్షించి గుర్తుపట్టినవాళ్లు ఎవరూ లేరు. గడిని బట్టి గుర్తుపట్టేవాళ్లం. చెక్క ట్రేలో ముప్ఫై గడులు, ఒక్కో గడిలో ఒక్కో ఖనిజం, దాని మీద తెల్ల పెయింటుతో నంబరు. మూల విరిగినది ఫెల్డ్‌స్పార్. పొరలు పొరలుగా ఊడి వచ్చేది అభ్రకం. దానిమ్మ గింజ రంగుది గార్నెట్. పద్నాలుగో గడిలో ఉసిరికాయంత ఆకుపచ్చ రాయి ఉండేది, అది ఆలివిన్. సీనియర్లు జూనియర్లకు అలాగే చెప్పేవారు, నాకూ అలాగే చెప్పారు. నేను డిగ్రీ చదివింది అనకాపల్లిలో ఆ కాలేజీలోనే మరి. ఆ రాయిని చూసి ఆలివిన్ అని రాసి, మార్కులు తెచ్చుకుని, విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చేసి, రెండు వేల సంవత్సరం దాటాక అదే అనకాపల్లికి, అదే గదికి, అదే ట్రే ముందుకు లెక్చరర్‌గా వచ్చి కూర్చున్నాను.

నేను వచ్చేసరికి జియాలజీ గ్రూపు కొన ఊపిరితో ఉంది. పిల్లలంతా కంప్యూటర్ల వైపు పరుగు. అడ్మిషన్ల రోజుల్లో ఒక తండ్రి నా మొహం మీదే అడిగాడు, "రాళ్లు సదివి ఏటి సేత్తారండీ, రోడ్లు వేత్తారా?" అని. నాకు ఒళ్లు మండింది. "మీరు నిలబడ్డ నేల ఏమిటో తెలుసుకుంటారు" అన్నాను. ఆయన ఓసారి కిందికి చూసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని పక్క గదికి వెళ్లిపోయాడు. నా నోరు అలాంటిది. మా అమ్మ బతికున్నన్నాళ్లూ, కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేవే అని మొత్తుకునేది.

బెల్లం మార్కెట్ వెనక వీధిలో ఒక పోర్షనులో ఒక్కదాన్నే ఉండేదాన్ని. అమ్మా నాన్నా పోయారు. కె. కోటపాడులో ఉన్న అన్నయ్య క్రిస్మస్‌కి మాత్రం పిలిచేవాడు. పెళ్లెప్పుడని అడిగేవాళ్లు అడగడం మానేసిన వయసు నాది. సాయంత్రం తాళం తీసి లోపలికి వెళ్తే, పొద్దున్న తాగి పెట్టిన టీ గ్లాసు ఎక్కడ పెట్టానో అక్కడే ఉండేది. ఒక్కరోజైనా అది కాస్త పక్కకు జరిగి ఉంటే బాగుండునని అనుకునేదాన్ని. నవ్వకండి, నిజంగానే అనుకునేదాన్ని.

నేను చేరిన మూడో యేడు గ్రూపు మొత్తానికీ మూడో సంవత్సరం పిల్ల ఒక్కతే మిగిలింది. సముద్రపు ఒడ్డు ఊరు వాళ్లది. తండ్రి వేటకు వెళ్తాడు, తల్లి పొద్దుటే చేపల గంప దించుకుని అనకాపల్లి మార్కెట్‌లో కూర్చుంటుంది. ఒక్క పిల్లకు పాఠం చెప్పడానికి బోర్డెందుకు? బల్లకు అటొకరం ఇటొకరం కూర్చునేవాళ్లం. మధ్యాహ్నం ఆ పిల్ల తన డబ్బాలోంచి ఎండు నెత్తళ్ల కూర సగం నా అన్నం మీద వేసేది. "తినండి మేడం, మీ పప్పుకి ఉప్పు కూడా లేదు. మీ వంట మీరెలా తింతారండీ?" అని ఆటపట్టించేది. నాతో అలా మాట్లాడేవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరు. ఆ అరగంట కోసమే నేను పొద్దున్నే లేచేదాన్ని. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఎలాగైనా ఆమెను ఎమ్మెస్సీలో చేర్పించాలని నా పట్టుదల. దరఖాస్తు నేనే తెప్పించి నా బల్ల సొరుగులో పెట్టాను.

ఆలివిన్ పాఠం చెప్పిన రోజు బాగా గుర్తుంది. "మన కాళ్ల కింద, చాలా లోతున, పైపొర దాటాక వచ్చే రాతిలో ఎక్కువ భాగం ఇదే. పైన చూద్దామంటే మాత్రం దొరకదు. అగ్నిపర్వతాలు నల్లరాయిని కక్కినప్పుడు దాంట్లో గింజలు గింజలుగా పైకి వస్తుంది. సేలం వైపు కొండల్లో కొంత ఉంది. ఆకాశం నుంచి పడే ఉల్కల్లోనూ ఉంటుంది. పైకి వచ్చాక పాపం ఎక్కువకాలం ఓర్చుకోలేదు. గాలీ నీళ్లూ తగిలితే మిగతా వాటికన్నా ముందు చెడేది ఇదే" అని చెప్పాను.

"మన గొలుగొండ కొండల్లో ఉంతాదా మేడం?"

"అక్కడ తవ్వుకునే రంగురాళ్లు వేరు. ఇది కాదు."

"అయితే సముద్రంలో పడి నలిగితే ఇక ఉండదన్నమాట."

"ఎక్కువ రోజులు ఉండదు."

ఆమె ట్రే వైపు చూసింది. ఆ చూపేమిటో నేను పట్టించుకోలేదు.

ఫైనల్ ప్రాక్టికల్స్‌కి రెండు వారాల ముందు మోడల్ పరీక్ష పెట్టాను. అయిదు రాళ్లు ఇచ్చాను, అందులో పద్నాలుగోది ఉంది. జవాబు కాగితం చూస్తే నాలుగూ చక్కగా రాసింది. పద్నాలుగు దగ్గర ఇలా ఉంది: "ఇది ఖనిజం కాదు. సముద్రంలో అరిగిన గోలీసోడా బుడ్డి పెంకు."

వేళాకోళం అనుకున్నాను. "ఏమిటే ఇది?"

"నిజమే మేడం. మా ఒడ్డుకి ఇలాటివి బోలెడు కొట్టుకొత్తాయండి. సిన్నప్పుడు వీటితోనే ఆడుకునేవాళ్లం. పైన మంచు పట్టినట్టు ఉంది సూడండి, అది ఇసకలో దొర్లి దొర్లి వచ్చిందండి. మొదటేడు నుంచీ అనుకుంతన్నాను, సెప్పడానికి బయమేసింది."

"నేను దీన్ని చూసే పాసయ్యాను. నాకు చెప్పినాయన దీన్ని చూసే చెప్పాడు. మేమంతా గుడ్డివాళ్లమా?"

"అలా అనలేదండి. ఒక్కసారి గీసి సూడండి మేడం."

గీసి చూస్తే అయిపోయేది. ఒక్క నిమిషం పని. నాకు మాత్రం అహం అడ్డొచ్చింది. "చేపల గంప పక్కన కూర్చుని నేర్చుకున్న చదువు ఇక్కడ పనికిరాదు" అన్నాను.

ఆమె పెన్నుకు మూత పెట్టింది. "అలాగే మేడం" అని, డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు ఆ డబ్బా తెరవనేలేదు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో మధ్యాహ్నం నా చప్పిడి పప్పు ముందు కూర్చుని, అన్నం కలిపి, తినలేక చెయ్యి కడిగేసుకున్నాను. తర్వాత బీరువాలోంచి కాఠిన్యం పెట్టె తీశాను. అందులో మెత్తని దాని నుంచి గట్టి దాని దాకా వరసగా నంబర్లు వేసిన రాళ్లుంటాయి. ఆలివిన్ కాఠిన్యం ఆరున్నర. ఆరో నంబరు రాయితో గీస్తే అసలు ఆలివిన్ మీద గీత పడదు. పద్నాలుగోదాన్ని చేతిలోకి తీసుకుని ఆరో నంబరుతో గట్టిగా గీశాను. తెల్లటి గీత పడింది. వేలితో తుడిచాను, చీర కొంగుతో తుడిచాను, గీత పోలేదు. కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూస్తే లోపల ఆవగింజంత గాలిబుడగ కూడా ఉంది.

ఎప్పుడో ఎవరో అసలు రాయిని పారేసుకుని, భయపడి, ఒడ్డున దొరికినదాన్ని తెచ్చి నంబరు వేసి పెట్టి ఉంటారు. ఆ తర్వాత మేమంతా దాన్నే ఆలివిన్ అని రాస్తూ వచ్చాం. యూనివర్సిటీలో నేను చూసింది రాతిలో కలిసి ఉన్న సన్న గింజలనే. విడిగా, పెద్దగా ఉంటే మా పద్నాలుగోదానిలాగే ఉంటుందనుకున్నాను. అంటే ఆలివిన్ ముక్కను చేతిలో పట్టుకున్నానని చెప్పుకోవడానికి నాకు మిగిలింది సోడాబుడ్డి పెంకే. గీత పడ్డ వైపు కిందికి తిప్పి, దాన్ని మళ్లీ గడిలోనే పెట్టేశాను.

మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ ఒకటుంది. జ్వరం తగ్గినవాళ్లూ, ఉద్యోగం దొరికినవాళ్లూ లేచి నిలబడి పదిమందిలో చెప్పుకుంటారు. డిగ్రీ పాసైన యేడు నేనూ లేచి, దేవుని కృప వల్ల ప్రాక్టికల్స్‌లో మంచి మార్కులు వచ్చాయని చెప్పినదాన్నే. ఆ ఆదివారం మాత్రం నిలబడలేదు. మోకాళ్లూని, కళ్లు మూసుకుని లోపల్లోపలే అంతా ఒప్పుకున్నాను. దేవుడి దగ్గర ఒప్పుకోవడం తేలిక. ఆయన ఎవరితోనూ చెప్పడు.

సోమవారం పొద్దున్న చేపల మార్కెట్‌కి వెళ్లాను. ఆ పిల్ల తల్లి నన్ను చూసి కత్తి పక్కన పెట్టింది.

"రండి మేడంగోరూ. ఈ గంపే కదా మీరన్నది?"

పక్క గంపలవాళ్లు మా వైపు తిరిగారు.

"మా గుంట మీ మాట సెప్పకుండా ముద్ద దింపేది కాదు. మేడం ఇలా అన్నారు, మేడం అలా నవ్వేరు అని ఒకటే గోల. ఇప్పుడు సదువొద్దంటంది. ఏటయ్యిందే అని పదిసార్లు అడిగితే ఈ గంప మాట సెప్పింది."

తప్పయిపోయిందని అనాలి. అంతే కదా, ఒక్క మాట. "పరీక్షకి తప్పకుండా రమ్మనండి. రాకపోతే యేడాది పోతుంది" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

"సరే, సెప్తాను లెండి" అని ఆమె మళ్లీ కత్తి అందుకుంది. క్షమాపణ నోట రాక అరకిలో కానాగంతలు కొన్నాను. అంత కోపంలోనూ ఆమె ఏరి ఏరి మంచివే వేసింది.

పరీక్ష రోజున ఆ పిల్ల వచ్చింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. నమస్తే మేడం అని వెళ్లి తన చోట కూర్చుంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వేరే ఊరి కాలేజీ ఆయన. ఒక్క స్టూడెంటు కోసం ఇంత దూరం రప్పించారని విసుగ్గా ఉన్నాడు. ట్రే వైపు కూడా చూడలేదు. లిస్టులో వేలు పెట్టి, "రెండు, ఏడు, పద్నాలుగు, పంతొమ్మిది, ఇరవయ్యారు పెట్టండి. పద్నాలుగు ఆలివినే కదా?" అన్నాడు.

కాదండీ, అది గాజు పెంకు అనడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. అంటే ఇన్నేళ్లూ ఏం చేశావని అడుగుతాడు. గ్రూపే మూసేద్దామని చూస్తున్న కాలేజీ, ల్యాబుకే దిక్కు లేదని రాసుకుంటుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడి, "అవునండీ" అన్నాను.

ఆమె ఒక్కో రాయీ తీసి చూస్తోంది. పద్నాలుగోదాన్ని తీసింది, తిప్పింది. వేలు ఒకచోట ఆగింది. తలెత్తి నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ తర్వాత పెన్ను కదిలిన చప్పుడు వినిపించింది.

ఆలివిన్ అనే రాసింది. రంగు ఆకుపచ్చ, కాఠిన్యం ఆరున్నర నుంచి ఏడు, అన్నీ నా నోట్సులో ఉన్నట్టే. లభించే చోట్లు అన్నదాని కింద భూమి లోతుల్లో, నల్లరాయిలో, ఉల్కల్లో అని రాసి, ఆఖర్న నా నోట్సులో లేని మాట ఒకటి చేర్చింది: "అనకాపల్లిలో దొరకదు." ఎగ్జామినర్ టీ తాగుతూ పద్నాలుగుకి పూర్తి మార్కులు వేసి, కాగితం నా వైపు తోశాడు. నేనూ సంతకం పెట్టాను.

ఆయన వెళ్లగానే బస్టాండుకి పరిగెత్తాను. ఆమె బస్సులో కిటికీ పక్కన ఉంది. రొప్పుతూనే, "నువ్వు చెప్పిందే నిజం. అది పెంకే" అన్నాను.

"గీత సూసేను మేడం."

"మరి ఆలివిన్ అని ఎందుకు రాశావే?"

"పెంకని రాత్తే ఆ సార్ మిమ్మల్ని ఏటైనా అంతారు కదండీ."

కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆ గంప మాట అనకూడదు. తప్పు చేశాను, నన్ను క్షమించు" అన్నాను.

ఆమె కోపంగా లేదు. ఉంటే బాగుండేది. "అందరి ముందూ సెప్తారనుకున్నాను మేడం. నాకొక్కదానికీ సెప్తే ఏటి లాభం, నాకు ముందే తెలుసు కదా" అంది. బస్సు కదిలింది. చెయ్యి ఊపింది, పెద్దవాళ్లకు మర్యాదగా ఊపినట్టు ఊపింది.

ఆమె పాసైంది. ఎమ్మెస్సీ దరఖాస్తు నా సొరుగులోనే ఉండిపోయింది, దాని కోసం ఆమె రాలేదు. రెండుసార్లు కబురు పెట్టాను. తల్లి కూడా తర్వాత మార్కెట్‌లో కనిపించలేదు. పక్క గంపావిడను అడిగితే, "వాళ్లు ఊరు మారిపోనారమ్మా" అంది, ఏ ఊరో చెప్పలేదు. జూన్‌లో జియాలజీకి ఒక్కరూ చేరలేదు. గ్రూపు మూసేసి, రాళ్లన్నీ ఇంకో కాలేజీకి పంపమన్నారు. అప్పగించడానికి నేనే వెళ్లాను. అక్కడ పాతికమంది పిల్లలున్నారు, వాళ్ల లెక్చరరూ ఉన్నారు.

ఒక్కో గడీ చూపిస్తూ పద్నాలుగు దగ్గరికి వచ్చాను. చర్చిలో నిలబడ్డట్టు నిలబడి చెప్పాను. "ఇది ఆలివిన్ కాదు, సోడాబుడ్డి పెంకు. దీన్ని చూసే నేను పాసయ్యాను. దీన్ని చూపించే మూడేళ్లు పాఠం చెప్పాను. తెలిశాక కూడా దాచాను" అన్నాను.

వెనక బెంచీలోంచి ఒక పిల్ల అడిగింది, "మరి పెంకని ఎవరు కనిపెట్టేరు మేడం?"

"నా స్టూడెంటు. వాళ్లమ్మ చేపల గంప పక్కన కూర్చుని నేర్చుకుంది" అన్నాను.

నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని పిల్లలు ఘొల్లున నవ్వారు. వాళ్ల లెక్చరరూ నవ్వారు. కాదర్రా, నిజం అని రెండుసార్లు చెప్పాను. ఆ మాట నమ్మగలిగిన మనిషి ఒక్కతే, ఆమె ఎక్కడుందో నాకు తెలియదు.